ఫోఫో అచ్చు

బట్టల అద్దకానికి కాచే బెరడు కషాయం రెండోసారి పొంగుకొస్తున్న వేళకు ఒపోకు వచ్చాడు. చేతిలో బంగారు పూత కర్ర లేదు. రాజమాత మాట మోసేవాడు కర్ర లేకుండా వచ్చాడంటే అది బాహాటంగా చెప్పుకునే కబురు కాదని టివాకు తెలుసు. ఆమె లేవలేదు. పీపా కింద నుంచి ఒక కట్టె వెనక్కి లాగి, పొంగు దిగాక గరిటెతో నల్లటి నురగ తీసి పక్కన పారబోసింది.

"ఎనో, ఒంట్లో బావుందా?" అన్నాడు, ఊళ్లో పెద్దామెలందరినీ పిలిచే పిలుపుతో.

"ఒంటికేం, బానే ఉంది. ఆ పీట లాక్కుని ఇటు కూర్చో. పొగ అటు పోతోంది."

కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. ఒపోకు సగం తాగి, అడుగున మిగిలినవి నేలమీద ఒలికించాడు. నీళ్లు తాగేదాకా వచ్చిన పని అడగకూడదు. అతను ఆ నీళ్లు తాగడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఇక్కడ అంతా చల్లగానే ఉంది. నువ్వొచ్చిన పని చెప్పు" అంది టివా.

"ఆదివారం ఉత్సవం సంగతే. ఈ ఏడు మంత్రి వస్తున్నాడు. రేడియో వాళ్లు వస్తున్నారు. కుమాసీ నుంచి కాలేజీ పంతుళ్లు కూడానట. అందుకని కమిటీ వాళ్లు ప్రసంగం రాయించారు. రెండు పేజీలు."

"రాయించనీ."

"రాసింది చదవాలి కదా, ఎనో."

గరిటె పీపా అంచున ఆగింది.

"నానా అఫ్రాకోమా వేషం కట్టి పద్నాలుగేళ్లుగా ఆ మాట నేనే చెబుతున్నాను. ఏనాడన్నా ఒక్క ముక్క తప్పిందా?"

"తప్పిందని ఎవరన్నారు? కానీ ఇందులో దొరల పేర్లున్నాయి, తేదీలున్నాయి. అవన్నీ కాగితం చూసి..."

"ఎవరు చదువుతారు?"

ఒపోకు ఖాళీ చిప్పలోకి చూశాడు. "టీచరమ్మ. అఫ్రియే."

టివా మళ్లీ గరిటె తిప్పింది. రంగు ఇంకా పలచగా ఉంది. ఇనుప చిట్టెం ముక్కలు అడుగున దొర్లుతూ చప్పుడు చేస్తున్నాయి.

"కట్టే బట్ట మాత్రం నువ్వే అద్దాలని రాజమాత మరీ మరీ చెప్పమంది. వేరే చెయ్యి పనికిరాదంది."

"బావుంది. దంచేది నేను, ముద్ద మింగేది ఆ టీచరమ్మా?"

"నా మీద కోపం పెట్టుకోకు ఎనో. నేను నోరునే. తల కాదు."

"నోరువే అయితే వెళ్లి చెప్పు. బట్ట శుక్రవారానికి ఆరుతుందని చెప్పు."

అతను వెళ్లిపోయాక ఆమె ఆ పీట తీసి లోపల పడేసింది.

*

వందేళ్ల కిందట, జాతి ప్రాణమంతా ఉందనుకునే బంగారు పీఠం ఇమ్మని తెల్లదొర అడిగినప్పుడు, అతని మీద యుద్ధానికి లేచిన రాణి యా అసంతెవా పిలుపు అందుకుని ఈ ఊరి నుంచి నలభైమందిని వెంటబెట్టుకుని నడిచిన ఆడమనిషి అఫ్రాకోమా. నానా అన్నది పెద్దలకిచ్చే గౌరవం. ఊరి కొలువు ముందు నిలబడి ఆమె అన్న మాటలు టివాకు అమ్మమ్మ నోటినుంచి వచ్చాయి. ఆ అమ్మమ్మకు వాళ్ల అమ్మ నోటినుంచి. రోలు ముందు, రోకలి పోటు పోటుకీ ఒక మాట చొప్పున. ఇప్పటికీ బెరడు దంచుతుంటే టివా పెదాలు వాటంతటవే కదులుతాయి. ఆ బుధవారం మాత్రం పళ్లు బిగించి దంచింది.

టమాటాల గంపతో వెళుతున్న మాన్సా కంచె దగ్గర ఆగింది.

"అక్కా, బజారంతా ఆ పిల్లని అప్పుడే నానా అఫ్రాకోమా అని పిలుస్తున్నారు. చేపలమ్మి అయితే రెండు చేపలు ఊరికే వేసింది."

"వేస్తుంది. నాకు పద్నాలుగేళ్లలో ఒక్క తోకయినా వేసిందా?"

"నీకు వేస్తే ఎముకలు తిరిగిచ్చి లెక్క చూసుకోమంటావని భయం" అని నవ్వింది మాన్సా. "పోనీలే. ఎండలో నిలబడ్డం తప్పింది. కాళ్లు చాపుకుని చూద్దువుగాని."

"నీ టమాటాలు ఎండలో కుళ్లిపోతున్నాయి, పోవే."

మధ్యాహ్నం అఫ్రియే వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. మెడ పొడుగు, ఆ మెడ మీద మూడు మడతలు. ఆ మడతలున్న మెడను ఊళ్లో అందరూ అందమంటారు. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్లకు సుద్ద అంటుకుని ఉంది. చంకలో కాగితాలు.

"కొలత ఇవ్వమన్నారట, ఎనో."

"నిటారుగా నిలబడు. వంగకు. అఫ్రాకోమా వంగలేదు."

టివా ఆమె వెనక్కి వెళ్లి భుజం నుంచి మడమ దాకా తాడు పట్టింది. తనకన్నా జానెడు ఎక్కువే ఉంది. ఆ జానెడు దగ్గర ముడి వేస్తున్నప్పుడు తాడు వేలిని కోసింది.

"కాగితం ఏదీ, చూపించు."

అఫ్రియే ఇచ్చింది. టివా దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. నల్లచీమలు బారులు తీరినట్టు గీతలు. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో ఆమెకు తెలియదు. వేలి రంగు కాగితం మూలన అంటింది.

"అయ్యో, మరక" అంది అఫ్రియే, గబుక్కున వెనక్కి తీసుకుంటూ. వెంటనే నాలిక్కరుచుకుంది. "పర్లేదులెండి. ఇంకో ప్రతి ఉంది. ఎనో, ఒక మాట. మీరు చెప్పే మాటలు ఇందులో ఒక్కటీ లేవు. నాకోసారి చెబుతారా? రాసుకుంటాను."

"కాగితంలో లేని మాటతో నీకేం పని?"

"చిన్నప్పుడు నేను ఎప్పుడూ ముందు వరసలోనే..."

"కొలత అయింది. శుక్రవారం సాయంత్రం వచ్చి పట్టుకుపో."

అఫ్రియే కాగితాలు చంకలో సర్దుకుంది. తర్వాత, బడిలో మొండి పిల్లతో మాట్లాడేటప్పుడు వాడే గొంతుతో, "సరే ఎనో, మీ ఇష్టం. అందరికీ అర్థమయ్యేలా చదవడమే నా పని" అని వెళ్లిపోయింది. చెప్పులు టకటకలాడాయి. గేటు దాటాక కూడా ఆ చప్పుడు టివా చెవుల్లోనే ఉంది. అందరికీ అర్థమయ్యేలానట. ఇన్నేళ్లూ తాను చెప్పింది ఎవరికి అర్థం కాలేదు?

*

గురువారం పొద్దున్నే ఆమె గోనెసంచులు పరిచిన బల్లమీద తెల్ల బట్ట లాగి మేకులు కొట్టింది. చెక్క దువ్వెన రంగులో ముంచి నిలువు గీతలు, అడ్డ గీతలు లాగింది. బట్ట గళ్లు గళ్లుగా తేలింది. ఒక్కో గడిలో ఒక్కో గుర్తు. సొరబుర్ర పెంకు మీద చెక్కిన అచ్చును వెనక ఉన్న పుల్లల పిడితో పట్టుకుని, రంగులో అద్ది, ఒకసారి విదిలించి, బట్టమీద ఎడమ నుంచి కుడికి దొర్లించాలి. పిల్లను జోకొట్టినట్టు మెల్లగా ఒత్తాలి. గట్టిగా నొక్కితే రంగు చిమ్ముతుంది.

యుద్ధ కొమ్ము వేసింది. గొలుసు వేసింది. నిచ్చెన వేసింది. ప్లాస్టిక్ కుర్చీల వీపుల మీదా లారీల వెనకా అందరూ చూసే నాలుగైదు గుర్తులు ఆమె ఎక్కువ వేయదు. మిగతావాటికి పేర్లు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఒకరి తర్వాత ఒకరు పోయారు. మిగిలిన అద్దకంవాళ్లు కుమాసీలో యంత్రాల మీద పని చేస్తున్నారు.

ఎడమ భుజం మీదకు వచ్చే చోట నాలుగు గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఊరేగింపులో వెనక నడిచే ప్రతివాళ్ల కళ్లూ పడేది అక్కడే. టివా చెయ్యి కొలువు పీఠం అచ్చు మీదకు వెళ్లింది. పద్నాలుగేళ్లూ తన భుజం మీద ఉన్నది అదే.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

పొయ్యి మీద దూలానికి వేలాడుతున్న సంచి దింపింది. అమ్మమ్మ అచ్చులు. పొగచూరి నల్లగా, ఇనుములా గట్టిపడ్డాయి. ఒకటొకటీ తీసి తడిమింది. అడుగున దొరికింది ఫోఫో. నాలుగు రేకులు, మధ్యలో చుక్క.

దారి పక్కన మొలిచే పచ్చపూల కలుపు అది. రేకులు రాలాక నల్లటి ముళ్ల గింజలై నడిచేవాళ్ల బట్టలకు అంటుకుంటుంది. అమ్మమ్మ ఆ అచ్చు తీసినప్పుడల్లా సామెత చెప్పేది: "ఫోఫో కోరేది ఒక్కటే, పక్క మొక్క గింజలు మాడి నల్లబడాలని." అసూయ గుర్తు. దాన్ని ఎవరూ కోరి వేయించుకోరు. ఎదుటి ఇంటివాళ్లతో తగువు పడినప్పుడు ఎప్పుడో ఒక గడిలో వేయించేవాళ్లు.

ఒకరి చోటు చూసి ఓర్వలేక లాక్కున్న పిల్ల, ఆ గుణాన్ని భుజాన కట్టుకుని ఊరంతా నడవాలి. తెలిసిన ముసలివాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలి. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవాలి. టివా అచ్చును రంగులో ముంచింది. విదిలించడం మరిచిపోయింది. మొదటిది చిమ్మింది. చుట్టూ సన్నటి నల్ల చుక్కలు పడ్డాయి. మిగిలిన మూడూ శుభ్రంగా పడ్డాయి. నాలుగో దాని మీద ఆమె చెయ్యి అవసరమైనదానికన్నా చాలాసేపు ఉంది.

శుక్రవారం సాయంత్రం అఫ్రియే బట్ట విప్పి చూసుకుంది. భుజం మీద పట్టుకుని అద్దం కోసం వెతికింది. టివా ఇంట్లో అద్దం లేదు. నీళ్ల తొట్టి మీదకు వంగి చూసుకుంది.

"ఎంత బావున్నాయి ఎనో ఈ పువ్వులు!"

"ఊఁ" అంది టివా. "పొయ్యి దగ్గర పెట్టకు. పొగ పడుతుంది."

*

ఆదివారం ఎండ పొద్దుటి నుంచే చురుక్కుమంది. కొలువు ముందు మైదానంలో పెద్ద గొడుగులు తిరుగుతున్నాయి. డోళ్ల మోతకు కాళ్ల కింద నేల అదురుతోంది. టివా రాజమాత పక్కన చిన్న పీట మీద కూర్చుంది. అది గౌరవమే. ఎప్పుడూ మైదానం మధ్యలో నిలబడి ఈ పీటల వైపు చూసేది. ఇక్కడి నుంచి చూస్తే మైదానం చాలా చిన్నగా ఉంది.

అఫ్రియే నడిచి వచ్చింది. తెల్లబట్ట మీద నల్ల గుర్తులు ఎండకు మెరిశాయి. వెనక నలభైమంది కుర్రాళ్లు చెక్క తుపాకులతో. ఆమె ముందుకు సాగగానే భుజం మీది నాలుగు ఫోఫోలూ జనానికి కనిపించాయి. టివా ముసలివాళ్ల ముఖాలు వెతికింది. కర్ర మీద గడ్డం ఆనించుకున్న అజెయ్ తాత కళ్లు చికిలించి చూశాడు. పక్కవాడి వైపు వంగాడు. టివా చెవులు రిక్కించింది.

"పువ్వులు బావున్నాయి" అన్నాడు అజెయ్ తాత.

"మొన్న నా మనవరాలి పెళ్లిలో ఇలాంటివే కర్టెన్లు" అన్నాడు పక్కవాడు.

ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఒక ఆడపిల్ల ఫోన్ ఎత్తి ఆ భుజాన్నే ఫోటో తీసింది. ఇంకొకతె తీసింది. మంత్రి చప్పట్లు కొట్టాడు. టివా ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి, ఒక గొడుగు నుంచి ఇంకో గొడుగుకు చూస్తూ పోయింది. అందరూ చూస్తున్నారు. ఒక్కరూ చదవడం లేదు.

అఫ్రియే కాగితం చదివింది. తేదీలు చదివింది, దొరల పేర్లు చదివింది. గొంతు బావుంది, కానీ జనం విసనకర్రలు ఊపుకుంటున్నారు. పిల్లలు లేచి తిరుగుతున్నారు. టివా పీట మీద సర్దుకుని కూర్చుంది. పాడవనీ. బాగా పాడవనీ.

రెండో పేజీ మధ్యలో అఫ్రియే ఆగింది. కాగితం మడిచి బట్ట దోపులో పెట్టుకుంది. కుడి చెయ్యి చాపి, అరచేయి నేలకు చూపించింది.

"పీఠం మీద కూర్చునేవాడు చచ్చిపోవచ్చు. పీఠం చావదు. దొరా, దాన్ని తీసుకుపోవాలంటే దారి ఇదిగో. నా మీదుగా నడు."

విసనకర్రలు ఆగిపోయాయి. ఆ తర్వాత డోళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి.

టివా గొంతే అది. 'దారి' తర్వాత తాను తీసుకునే ఆ చిన్న విరామం, తాను చాపే చెయ్యి, చివర్లో పిడికిలి మూయకుండా వదిలేసే వేళ్లు. రోకలి పోటు మీద నేర్చిన లయ. చెప్పనన్నాను కదా అనుకుంది టివా. అయినా తీసుకుంది. పద్నాలుగేళ్లుగా ముందు వరసలో కూర్చుని, తెలియకుండానే కొంచెం కొంచెంగా అంతా తీసుకుంది. పక్కనున్నవాళ్లు లేచి నిలబడుతుంటే ఆమె కూర్చునే ఉంది. ఆ ఫోఫోలు బట్ట నిండా వేసి ఉండాల్సిందనిపించింది.

అఫ్రియే చెమటలు కారుతూ వచ్చి రాజమాత కాళ్ల ముందు మోకరిల్లింది. రాజమాత కళ్లకు తెల్లపొర కమ్మి మూడేళ్లయింది. చెయ్యి చాపి బట్ట అంచు పట్టుకుంది. ప్రతి ఏడూ అడిగే మాటే అడిగింది.

"బట్ట ఏమంటోంది, టివా?"

"యుద్ధ కొమ్ము, నానా. లేవండి అంటోంది. గొలుసు. మనమంతా ఒకటే అంటోంది. నిచ్చెన. చావు అందరూ ఎక్కేదే అంటోంది."

రాజమాత వేళ్లు పైకి పాకాయి. చిక్కటి రంగు ఎండాక వేలికి తగులుతుంది. భుజం దగ్గర ఆగాయి.

"ఇదేమిటి? నాలుగు రేకులున్నట్టుంది."

అఫ్రియే తలెత్తి టివా వైపు చూసింది. ఆ కళ్లలో వేడుకే తప్ప ఇంకేమీ లేదు. ఒపోకు కర్ర పట్టుకుని వింటున్నాడు. చుట్టూ అందరూ వింటున్నారు.

"బెసె సకా, నానా" అంది టివా. "కోలా కాయల గుత్తి. కలిసి ఉంటే కలిమి అంటోంది."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో! కాదనేవాళ్లు ఎవరూ లేరు.

రాజమాత వేళ్లు ఇంకాసేపు అక్కడే ఉన్నాయి. "మీ అమ్మమ్మ చేతిలో కోలా గుత్తి ఇలా ఉండేది కాదు."

"నా చేతిలో ఇలా వచ్చింది, నానా."

"ఊఁ" అంది రాజమాత. చెయ్యి తీసేసింది.

*

మంగళవారం టివా పామ్ గింజలు ఉడకబెడుతుండగా అఫ్రియే పొడుగాటి కాగితపు చుట్ట పట్టుకుని వచ్చింది. నీళ్లు ఇస్తే గటగటా తాగేసింది.

"ఎనో, కోప్పడతారేమో. ఆదివారం కాగితం చదువుతుంటే నాకే నిద్రొచ్చింది. మీ మాట అనేశాను. అడక్కుండా తీసుకున్నాను."

"విన్నాను."

"మీరు అన్నట్టు రాలేదు. 'నడు' దగ్గర నా గొంతు వణికింది. మీకెప్పుడూ వణకదు. అదెలా వస్తుందో నాకు ఏళ్లబట్టీ తెలీడం లేదు. కుళ్లుకునేదాన్ని కూడా" అని నవ్వేసింది.

టివా పొయ్యిలో కట్టె సర్దింది.

అఫ్రియే చుట్టను నేలమీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. మధ్యలో చెయ్యి చాపిన ఆడమనిషి బొమ్మ. పెద్ద తల, పొట్టి కాళ్లు, అయినా అఫ్రాకోమానే. చుట్టూ బారులుగా గుర్తులు, ఒక్కోదాని కింద అక్షరాలు.

"బడి గోడ మీద వేయిస్తున్నాం. ఆదివారం బట్ట చూసి పిల్లలు గీశారు. మీరు రాజమాతకు చెబుతుంటే నేను పేర్లు గుర్తు పెట్టుకున్నాను. ఒక్కసారి చూసి సరేనంటే రేపు రంగు వేసేస్తారు. నూనె రంగు. ఇంక చెరగదు."

టివా మోకాళ్ల మీద వంగి చూసింది. కొమ్ము సరిగ్గానే ఉంది. గొలుసులో ఒక లంకె తక్కువని చెప్పింది. అఫ్రియే దిద్దింది. నిచ్చెన బావుంది. చివరి వరసలో, అన్నిటికన్నా పెద్దగా, ఎర్ర పెన్సిలుతో రేకులు నింపి, నాలుగు ఫోఫోలు. మొదటిదాని చుట్టూ చిన్న చిన్న చుక్కలు. చిమ్మిన రంగును కూడా పిల్లలు వదల్లేదు. ఒక్కో చుక్కా లెక్కపెట్టినట్టు గీశారు.

"దీని కింద ఏం రాశావు?"

"మీరు చెప్పిందే. బెసె సకా. కలిసి ఉంటే కలిమి. పిల్లలకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. అప్పుడే పలకల మీద కూడా వేసుకుంటున్నారు."

ఆ నల్లచీమల బారు వైపు టివా చూసింది. తన నోట్లోంచి వచ్చిన అబద్ధం ఇలా ఉంటుందన్నమాట. నల్లగా, పొందిగ్గా. రేపు గోడ మీదకు ఎక్కుతుంది. పదేళ్ల తర్వాత ఏ పిల్లో ఫోఫోను చూపించి కోలా గుత్తి అంటుంది. కాదనడానికి ఎవరూ ఉండరు. అమ్మమ్మ అచ్చు అక్కడితో సరి.

పామ్ గింజలు పొంగి పొయ్యిలో పడి చుయ్యిమన్నాయి. ఆమె లేచి మూత తీసింది. లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో ఫోఫో అచ్చు ఉంది. రంగు కుండలో ముంచి, ఈసారి విదిలించి, కాగితం అంచున ఖాళీ చోట మెల్లగా దొర్లించింది.

"ఇది కోలా గుత్తి కాదు" అంది. "ఫోఫో."

"అంటే?"

"అసూయ."

అఫ్రియే నవ్వబోయింది. టివా ముఖం చూసి ఆగింది. చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదకు వెళ్లింది.

"అది తెలిసే వేశారా?"

"తెలిసే వేశాను. పద్నాలుగేళ్లు వేసిన అచ్చు పక్కన పెట్టి మరీ వేశాను."

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాన్ని కట్టుకుని తిరిగాను ఎనో. మా అమ్మ దగ్గర ఉన్న ఫోటోలన్నిట్లో అదే..." భుజాన్ని అరచేత్తో రుద్దుకుంది. "అందరూ ఏమనుకున్నారో."

"పువ్వులు బావున్నాయనుకున్నారు. చదవడం ఎవరికీ రాదు."

అఫ్రియే లేచి కాగితం మూలల మీది రాళ్లు ఒకటొకటీ తీసింది. కాగితం దానంతటదే చుట్టుకుంది. గేటు దాకా వెళ్లింది. టివా వెనక నుంచి పిలవలేదు. అచ్చు నీళ్లలో ముంచి కడగడం మొదలుపెట్టింది. అచ్చు గాడిలో ఇరుక్కున్న రంగును గోటితో గీరింది.

చెప్పుల చప్పుడు ఆగింది. తిరిగి దగ్గరైంది. అఫ్రియే మళ్లీ కాగితం పరిచింది. ఈసారి రాళ్లు పెట్టలేదు, మోకాలితో ఒక వైపు తొక్కిపెట్టింది. కింద రాసిన మాటలను పెన్సిలుతో అడ్డంగా కొట్టేసింది. కాగితం చిరిగేంత గట్టిగా.

"రాజమాతకు అబద్ధం చెప్పారు. తప్పు కట్టడానికి గొర్రె తోలుకెళ్లాల్సి వస్తుంది."

"తోలుకెళ్తాను."

"ఎందుకూ అని దారి పొడుగునా అడుగుతారు."

"అడగనీ. ఆవిడ వేళ్లు ఆదివారమే అడిగాయి."

అఫ్రియే టివా వైపు చూడలేదు. "దీనికో సామెత ఉండే ఉంటుంది. చెప్పండి."

టివా చేతులు తుడుచుకుంది. "ఫోఫో కోరేది ఒక్కటే, పక్క మొక్క గింజలు మాడి నల్లబడాలని."

"అంత గబగబా చెబితే నేను రాయలేను. నెమ్మదిగా. ఒక్కో మాట."

పొయ్యి పక్కన మట్టిలో కూర్చుని, రోకలి పోటు పోటుకీ ఆగినట్టు ఆగుతూ, టివా మళ్లీ మొదలుపెట్టింది.

"ఫోఫో."

పెన్సిలు కదిలి ఆగింది.

"ఊఁ. తర్వాత?"

"కోరేది."